ఫోర్ట్రాన్ కంపైలర్ ఎంపిక

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటి, పూండి చుట్టుపక్కల ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. ఇలాంటి తుపాన్ల గమనాన్ని లెక్కగట్టే డబ్ల్యూఆర్ఎఫ్, ఉప్పెన ఎత్తు కోసం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాడే ఏడీసర్క్, రెండూ ప్రధానంగా ఫోర్ట్రాన్ ప్రోగ్రాములే. 1957 నాటి భాష. ముసలిదే గానీ గట్టిది.

ఇలాంటి ప్రోగ్రాములను సొంత కంప్యూటర్‌లో నడపాలంటే ఉచితంగా దొరికే జీఫోర్ట్రాన్ కంపైలర్ చాలు. ఇంటెల్ ప్రాసెసర్ ఉంటే ఇంటెల్ కంపైలర్ తరచు ఇంకా వేగం. అయితే డేటా ఫైళ్లను చదివి రాసే నెట్‌సీడీఎఫ్ లైబ్రరీని ఒక కంపైలర్‌తో, మోడల్‌ను మరోదానితో కంపైల్ చేస్తే మాడ్యూల్ ఫైలు దగ్గరే పని ఆగిపోతుంది.

వేగం కన్నా ముందు హద్దుల తనిఖీ చూసుకోవాలి. పది గళ్ల అరేలో పదకొండో గడిని ముట్టుకుంటే, తనిఖీ పెట్టిన ప్రోగ్రాము లైను నంబరు చెప్పి ఆగుతుంది. పెట్టకపోతే ఆ చెత్త అంకె చప్పుడు లేకుండా ఉప్పెన మ్యాపులోకి ఎక్కవచ్చు.