హిజ్లీ ఇటుక భవనం: కట్టడం ఒకటి, ఉపయోగాలు అనేకం

బుద్ధ భగవానుడు వైశాలికి వెళుతూ నాదికా గ్రామంలోని గింజకావసథంలో విడిది చేసిన ఘట్టం మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది. గింజకావసథమంటే ఇటుకల నివాసం. ఆ కట్టడానికి పేరు దాతను బట్టి రాలేదు, ఉపయోగాన్ని బట్టీ రాలేదు. పదార్థాన్ని బట్టి వచ్చింది. ఇందులో పురావస్తు పరిశోధకులు గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. దాతలు మారతారు, ఉపయోగాలు మారతాయి, ఇటుక నిలుస్తుంది. కనుక ఒక ఇటుక కట్టడం చరిత్రను దాని తొలి ప్రయోజనంతోనే ముగించరాదు. ఈ మాటకు ఖరగ్‌పూర్ పరిసరాల్లోని హిజ్లీ భవనం చక్కని నిదర్శనం.

మిదనాపూర్ జిల్లాను విభజించి హిజ్లీ కేంద్రంగా కొత్త జిల్లాను ఏర్పరచాలని వలసపాలకులు తలపెట్టారు. ఈ భవనాన్ని ఆ జిల్లా కలెక్టరేటు కోసం ఉద్దేశించారు. మధ్యన ఎత్తైన బురుజు, దానికి ఇరువైపులా సాగిన పొడవాటి భాగాలు, వాటిలో గదుల వరుసలు దీని ప్రధాన లక్షణాలు. బురుజు అధికారాన్ని దూరానికి చాటుతుంది. గదుల వరుస మాత్రం ఏ పనికైనా ఒదుగుతుంది. తరువాతి చరిత్రనంతా నడిపినది ఈ రెండవ గుణమే.

జిల్లా ఏర్పడలేదు. 1930లో ఈ భవనం నిర్బంధ శిబిరమైంది. విచారణ లేకుండా పట్టుకున్న బెంగాల్ స్వాతంత్ర్య యోధులను ఇక్కడ ఉంచారు. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన నిర్బంధితులపై పోలీసులు కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. వారి భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ స్వయంగా హిజ్లీకి వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ దురంతాన్ని బహిరంగంగా ఖండించారు. 1937లో మూతపడిన శిబిరాన్ని 1940లో మళ్లీ తెరిచి, 1942లో శాశ్వతంగా మూసివేశారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1944లో, అమెరికా వైమానిక దళపు 20వ బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం ఇక్కడికి చేరింది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ ప్రారంభించిన తొలి ఐఐటీ తరగతులూ ప్రయోగశాలలూ ఈ గదుల్లోనే మొదలయ్యాయి. తొలి ఏడాది విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది. 1990 నుంచి ఇక్కడ నెహ్రూ విజ్ఞాన, సాంకేతిక మ్యూజియం నడుస్తోంది.

నేడు ఈ కట్టడానికి వాడుకలో ఉన్న పేర్లు హిజ్లీ షహీద్ భవన్, నెహ్రూ మ్యూజియం. అమరుల స్మృతి, విద్య ఈ పేర్లలో నిలిచాయి. కలెక్టరేటుకూ, బాంబర్ కమాండ్‌కూ వాటిలో చోటు లేదు. స్మృతి ఏరుకుంటుంది, పరిశోధన ఏరుకోరాదు.

ఖరగ్‌పూర్‌కు దక్షిణంగా దంతన్ సమీపాన ఉన్న మొఘల్‌మారి దిబ్బ ఇందుకు మరో పార్శ్వం చూపుతుంది. 2003–04 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయం తరఫున ఆచార్య అశోక్ దత్తా జరిపిన తవ్వకాల్లో అక్కడ ఇటుకల బౌద్ధ విహారం బయల్పడింది. అంతకుముందు స్థానికులు ఆ దిబ్బను సఖీసేన పాఠశాల అని పిలిచేవారు. సంఘం పేరు మరుగునపడినా, అది విద్య నేర్పిన చోటన్న భావం జనుల నోట మిగిలింది. మన పల్నాడులోని చేజెర్ల కపోతేశ్వరాలయం కూడా ఇటువంటిదే. గజపృష్ఠాకారపు ఆ ఇటుక కట్టడాన్ని పూర్వపు బౌద్ధ చైత్యంగా పలువురు పండితులు గుర్తించారు. నిత్యపూజ కొనసాగడం వల్లనే అది కూలక నిలిచింది. తొలి పొరను వెలికితీసే ఆరాటంలో తరువాతి పొరలను చెత్తగా తోసివేస్తే, కట్టడాన్ని కాపాడిన కారణాన్నే పోగొట్టుకుంటాం.

ఈ పట్టణంలోనే ఉన్న న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకు ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా నివసిస్తున్నాయి. క్వార్టరు రైల్వేది, ఉద్యోగి పదవీ విరమణ చేయగానే మరొకరి పేరిట కేటాయింపు అవుతుంది. వినయపిటకం చెప్పే సేనాసన వ్యవస్థను ఇది తలపిస్తుంది. వసతి సంఘానిది, భిక్షువుకు దక్కేది వర్షావాస కాలపు కేటాయింపు మాత్రమే. రెండుచోట్లా యాజమాన్య పత్రాల్లో నివాసి జాడ ఉండదు. విహారాల్లో ఆ జాడను గోడకు చేసిన మరమ్మతులో, మూసిన ద్వారంలో, అరిగిన గడపలో వెతుకుతాం. క్వార్టర్ల విషయంలో మనకు అదనంగా ఒక ఆధారముంది: అక్కడ పుట్టి పెరిగిన వృద్ధులు ఇంకా మన మధ్య ఉన్నారు.

కనుక వారసత్వ కట్టడాల నమోదులో కొలతలు, ప్రణాళిక, నిర్మాణ కాలంతో పాటు 'ఉపయోగ క్రమం' అనే అంశాన్ని తప్పనిసరి చేయాలి. ఎవరు, ఎప్పుడు, దేనికి వాడారు, అందుకు గోడల్లో ఏ మార్పు చేశారు అన్న నాలుగు ప్రశ్నలు చాలు. మరమ్మతు మొదలయ్యే ముందే వీటికి సమాధానాలు రాసుకోవాలి. కొత్త సున్నం పూసిన తరువాత పాత ద్వారం ఎక్కడుండేదో గోడ చెప్పదు. అది తెలిసిన మనిషి అప్పటికి ఉండకపోవచ్చు.