మెట్టనేలల పూలకారు

కర్నూలు నుండి ఆత్మకూరునకు పోవు మార్గములో నందికొట్కూరు దాటిన పిమ్మట జూపాడు బంగ్లా వచ్చును. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఇది ఒక మండల కేంద్రము. తూర్పున నల్లమల కొండలు, పడమట ఎర్రమల గట్లు, నడుమ నల్లరేగడి చేలు, రాతినేల బీళ్లు - ఇదీ ఈ ప్రాంతపు రూపము. మే నెలలో ఈ బీళ్లను చూచినవారికి ఎండిన గడ్డి దుబ్బులు, రాళ్లు, అక్కడక్కడ తంగేటి పొదలు తప్ప మరేమియు కనబడవు. అదే నేలను మంచి వానలు కురిసిన ఏట సెప్టెంబరు చివర చూచినచో గడ్డి నడుమ పసుపు, తెలుపు, నీలము, గులాబి రంగుల పూలు నిండి యుండును. ఒకే నేలకు రెండు ముఖములు. వీనిలో ఏ ముఖమును చూచి నేలకు విలువ కట్టవలెనను ప్రశ్నకు చాలకాలపు చరిత్ర కలదు.

ఈ ప్రాంతమున ఏడాదికి కురియు వర్షము సుమారు 600 - 700 మిల్లీమీటర్లు. అందులో అధికభాగము జూన్ నుండి అక్టోబరు లోపలనే పడును. తక్కిన ఏడు నెలలు మొక్క ఎట్లు గడుపవలెను? ఇందుకు ఇచ్చటి మొక్కలు పలువిధములైన మార్గములను అవలంబించినవి.

గునుగు, తుమ్మి, పల్లేరు వంటి ఏకవార్షికములు ఎండకాలమును గింజ రూపమున గడుపును. ఎండనేలల మొక్కలలో కొన్నింటి గింజలకు గట్టి పైపొర యుండును. మరికొన్నింటిలో మొలకను అడ్డగించు రసాయనములుండును. తేలికపాటి జల్లు వానిని కదలింపలేదు. నేల చక్కగా తడిసి, ఆ రసాయనములు కడుగుకొనిపోయిన పిమ్మటనే మొలక బయటికి వచ్చును. ఒక్క జల్లును నమ్మి మొలచిన మొక్క వారము తిరుగకుండ మాడిపోవును గదా! కాలిఫోర్నియా ఎడారి మొక్కలపై ఫ్రిట్స్ వెంట్ అను శాస్త్రజ్ఞుడు 1940, 1950 దశకములలో చేసిన పరిశోధనలు ఈ సంగతిని స్పష్టపరచినవి.

అడవినాభి పద్ధతి వేరు. దీని దుంప భూమిలో నిద్రించి, వానలు పడగానే తీగ సాచి, నిప్పు మంటల వంటి పూలు పూయును. కుందేటికొమ్ములు అను మొక్కకు ఆకులు దాదాపు లేవు. పచ్చని పలకల కాడలోనే నీటిని దాచుకొనును. తంగేడు, మోదుగ మొదలగునవి వేళ్లను లోతునకు పంపి బ్రతుకును. అందుచేతనే పూలకారు ఒక్కసారిగా వచ్చి పోదు. వానకాలమున విష్ణుక్రాంత నీలిపూలు, తుమ్మి తెల్లపూలు, అవి ముగియక ముందే గునుగు, తంగేడు, ఫిబ్రవరి - మార్చి నెలలలో ఆకు రాల్చిన కొమ్మలపై మోదుగ, కొండగోగు, వేసవిలో రేల - ఇట్లు వరుస సాగును.

తెలుగు దేశపు మొక్కలను ఆధునిక వృక్షశాస్త్ర పద్ధతిలో వర్ణించుట 18వ శతాబ్దమున ఆరంభమైనది. లిన్నేయసు శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, దక్షిణ దేశమున పెక్కు మొక్కలను సేకరించి, 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణించెను. అతని మిత్రుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో నివసించుచు, స్థానిక చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించి, 'కోరమండల్ తీరపు మొక్కలు' అను గ్రంథమును సిద్ధపరచెను. 1795 నుండి 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన ఆ గ్రంథములో 300 చిత్రములు కలవు.

కుందేటికొమ్ములను శాస్త్రలోకమునకు మొదట తెలిపినది ఆ గ్రంథమే. రాక్స్‌బర్గ్ మొక్కలకు తెలుగు పేర్లను గూడ అడిగి వ్రాసికొనెడివాడు. ఈ మొక్కకు ఆయన విన్న పేరు కారల్లము. తరువాత రాబర్ట్ బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు ఒక ప్రజాతికి కారల్లుమా అని నామకరణము చేయుటకు ఈ తెలుగు మాటయే ఆధారమైనది. ఆ మాటను చెప్పిన రైతులో, పసుల కాపరులో, వారి పేర్లు మాత్రము గ్రంథమునకెక్కలేదు. కరవుకాలమున ఈ కాడలు తిని ఆకలి తీర్చుకొన్నవారికి ఆ మొక్క ఎచ్చట మొలచునో, ఎప్పుడు పూచునో ముందే తెలిసియుండెను.

కర్నూలు సీమ 1839 వరకు నవాబుల ఏలుబడిలో నుండెను. కుంఫిణీ పాలన వచ్చిన పిమ్మట సర్వేలు, అటవీ పరిశీలనలు సాగినవి. అయితే పరిశీలకుల చూపు ముఖ్యముగ కొండలపై, అడవులపై నిలిచెను. కలప, వంటచెరకు, ఖనిజము - వీనివలన ప్రభుత్వమునకు రాబడి కలదు. బీటి గడ్డిపూల వలన లేదు. మరియొక చిక్కు ఏమనగా, పూలు విరియు వానకాలముననే నల్లరేగడిలో బండి చక్రములు దిగబడిపోవును.

ఈ చరిత్రలో విశేషముగ స్మరింపదగినవాడు రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. 1860 నుండి 1882 వరకు మద్రాసు రాజధానిలో అటవీ సంరక్షకుడుగా పనిచేసిన ఈయన దక్షిణ భారత వృక్షములను గూర్చి 1869 - 1874 సంవత్సరముల నడుమ గొప్ప గ్రంథము ప్రచురించెను. తిరుమల, కడప కొండలలో పెరుగు ఒక సైకస్ జాతి నేటికిని ఆయన పేరుననే పిలువబడుచున్నది. మన మొక్కలను ఇంతగా ఎరిగిన ఆ బెడ్డోమ్, 1876లో మద్రాసు ప్రభుత్వపు రెవెన్యూ శాఖకు లేఖ వ్రాసి, ఎండనేలలలో నాటుటకై ఒక విదేశ వృక్షపు గింజలను తెప్పింపుమని కోరెను. 1877లో జమైకా నుండి వచ్చిన ఆ గింజలు కడప సీమలో నాటబడినవి. ఆ చెట్టే నేటి సర్కారు తుమ్మ.

ఆ కాలపు పరిస్థితులను తలచినచో ఆ కోరికకు కారణము అర్థమగును. రైలు ఇంజన్లు కట్టెలను కాల్చుచుండెను. కొండలు బోసిపోవుచుండెను. 1876 - 1878 నాటి మహాక్షామము కర్నూలు, కడప, బళ్లారి సీమలను కుదిపివేసెను. ఎండకు తాళి, పశువుల నోటికి చిక్కక, త్వరగా వంటచెరకునిచ్చు చెట్టు వరమువలె తోచుట సహజమే. నిజమునకు ఈ చెట్టు ఎందరో పేదల పొయ్యిలను వెలిగించినది. బొగ్గు కాల్చువారికి జీవనాధారమైనది.

కాని దాని వ్యాప్తిని ఆపువారు లేకపోయిరి. తియ్యని కాయలను మేకలు, గొర్రెలు, పశువులు తినును. గింజలు చెడక పేడతో, పెంటికలతో బయటపడి, మంద పోయిన చోటనెల్ల మొలచును. కంప దట్టమైనచోట ఎండ నేలకు చేరదు. గడ్డి సన్నగిల్లును, గడ్డితో కూడ పూలు పోవును. విష్ణుక్రాంత వంటి నేలబారు మొక్క నీడలో బ్రతుకజాలదు. బీడు ఖాళీ అని తలచి నాటిన చెట్టు, ఖాళీగా లేని బీటిని నిజముగ ఖాళీ చేయసాగెను. దీనిని ఒక్క బెడ్డోమ్ దోషమనుట న్యాయము కాదు. నేలకు దాని వేసవి ముఖమును బట్టి విలువ కట్టుట ఆనాటి పాలకుల దృష్టి.

ఆ దృష్టి ఆ పాలకులతో పోలేదు. గాంబుల్ 1915లో ఆరంభింపగా ఆయన మరణానంతరము ఫిషర్ 1936 నాటికి పూర్తిచేసిన మద్రాసు రాజధాని వృక్షకోశములో మెట్టనేలల చిన్న మొక్కలకు గూడ చోటు లభించినది. 1973లో దబాడ్గావ్, శంకరనారాయణ్ భారతదేశపు గడ్డినేలలను వర్గీకరించి, దక్షిణ పీఠభూమి గడ్డినేలలకు సెహిమా - డైకాంథియం వర్గమని పేరిడిరి. శాస్త్రము ఇట్లు ముందుకు సాగినను రెవెన్యూ లెక్కలలో బీడు బంజరుగానే మిగిలెను. 2000లో వెలువడిన భారతదేశపు బంజరు భూముల పటములలో సైతము పొదనేలలు, క్షీణించిన పచ్చికబయళ్లు బంజరుల కిందనే చేర్చబడినవి. బంజరని వ్రాయబడిన నేలను దున్నుటకు గాని, చెట్లు నాటుటకు గాని, యంత్రశాలకు ఇచ్చుటకు గాని ఎవరికిని సంకోచము కలుగదు.

జూపాడు బంగ్లాకు పొరుగుననున్న మిడుతూరు మండలములోని రోళ్లపాడు మాత్రము వేరొక దారి చూపినది. అచ్చటి గడ్డినేల 1988లో వన్యప్రాణి అభయారణ్యమైనది. విస్తీర్ణము సుమారు 614 హెక్టార్లు. దానిని కాపాడినది పూల కొరకు కాదు, బట్టమేకపిట్ట కొరకు. కాని గడ్డినేల నిలిచిననే పిట్ట నిలుచును. వానకాలపు పూలకు చేరు పురుగులు, మిడుతలు దానికి ఆహారము. నేలనెమలి మగపక్షి ఆ కాలముననే గడ్డిపై ఎగిరి ఎగిరి జతను పిలుచును.

అయినను కథ సుఖాంతము కాలేదు. శ్రీశైలము నీటిని రాయలసీమకు మళ్లించు పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటరు జూపాడు బంగ్లా మండలములోనే కలదు. కాలువల నీరు కరవుసీమకు అన్నము పెట్టినది. దానిని కాదనువారు లేరు. కాని నీటితోపాటు చుట్టుపట్ల పంటలు మారినవి, బీళ్లు తగ్గినవి. బట్టమేకపిట్ట రోళ్లపాటిలో అరుదైపోయినది. సాగుకు నీరు, పక్షికి గడ్డి - రెండును కావలెననినచో ఏ బీటిని దున్నవచ్చునో, ఏ బీటిని విడువవలెనో ముందుగా తెలియవలెను. అందులకు ఏ బీటిలో ఏ మొక్క ఎప్పుడు పూచునో వ్రాసిపెట్టిన లెక్క కావలెను.

ఈ లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థులే తయారు చేయవచ్చును. ఊరి చెంతనున్న ఒక బీటిలో పది గజముల చదరపు తావును గుర్తించి, జూన్ నుండి మార్చి వరకు పక్షమున కొకసారి పోయి చూడవలెను. పూచిన మొక్కల పేర్లు, పూల రంగు, వాలిన పురుగులు, అంతకు ముందు పడిన వాన - ఇవి తేదీతో వ్రాసికొనవలెను. పేరు తెలియనిచో ఊరి పెద్దలను, గొర్రెల కాపరులను అడుగవలెను. రాక్స్‌బర్గ్ చేసినదియు అదే. అయితే ఈసారి చెప్పినవారి పేరును గూడ వ్రాయుట న్యాయము. మొక్కలను పెరుకరాదు, గడ్డిని త్రొక్కి బాటలు చేయరాదు. మహారాష్ట్రలోని కాస్ పీఠభూమిలో పూలను చూడవచ్చు జనసమ్మర్దము వలననే పూలు నలిగిపోవుచుండగా సందర్శకుల సంఖ్యకు పరిమితి విధింపవలసివచ్చెను.

ఐదారేండ్లు ఇట్లు వ్రాసిన పుస్తకము ఏ పాఠశాలలో నుండునో, ఆ ఊరి బీటిని గూర్చి ఎవరైన వేసవిలో వచ్చి ఇది ఉత్త బంజరని అన్నప్పుడు, సెప్టెంబరు పుటను తెరచి చూపుటకు వీలు కలుగును.