కిటికీలో ఫోను, గదిలో లినక్స్

బ్లూటూత్ పుట్టింది హెడ్‌సెట్ కోసం. 1994లో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో యాప్ హార్ట్‌సెన్, తోటి ఎరిక్సన్ ఇంజనీర్లు ఫోనుకూ దాని సామానుకూ మధ్య తీగ లేకుండా చేయాలని పని మొదలుపెట్టారు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా కలిసి దానికో సంఘం పెట్టాయి. మా నల్లగొండలో, పాలమూరులో మాత్రం చాలా ఏళ్లు చెవిలో బ్లూటూత్ పెట్టుకుని తిరిగినవాళ్లు తక్కువే, వాళ్లలోనూ సగం మంది రియల్ ఎస్టేట్ వాళ్లు. మిగతా జనానికి అది రెండు పనులకొచ్చింది. ఒకటి ఇంటర్నెట్ లేని గదికి ఇంటర్నెట్ తేవడం, రెండోది పాటలు పంచుకోవడం. రెండింటినీ లినక్స్ కంప్యూటర్ మీద నడిపినవాణ్ని. కంపెనీలు చెప్పుకునే చరిత్రలో మా వాడకం కనబడదు కాబట్టి రాస్తున్నా.

2006లో నల్లగొండ శివారు ఇంజనీరింగ్ కాలేజీ ఒకదాంట్లో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. విండోస్ లైసెన్సులు కొనడానికి మేనేజ్‌మెంట్ దగ్గర డబ్బుల్లేవు, కాలేజీ బస్సులకు రంగులేయడానికి మాత్రం ఉండేవి. అట్లా లినక్స్ వచ్చింది. ‘లినక్స్ ఫర్ యూ’ పత్రికతో పాటు సీడీలొచ్చేవి. ఉబుంటువాళ్లకు అర్జీ పెడితే పైసా తీసుకోకుండా పోస్టులో పంపేవాళ్లు, 2011 దాకా. కానీ కావలసినవన్నీ సీడీలో ఉండవు, నెట్ నుంచి దించుకోవాలి. కాలేజీకి బ్రాడ్‌బ్యాండ్ ఉందన్నమాటేగానీ అది ప్రిన్సిపాల్ గది గడప దాటేది కాదు.

మా ల్యాబ్ రాతిగోడల పాత కట్టడం. లోపల ఫోనుకు సిగ్నల్ ఒక్క గీత, పడమటి కిటికీ దగ్గర మూడు. ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే సిగ్నల్ పోతుంది, కిటికీలో పెడితే కేబుల్ అందదు. బ్లూటూత్ మాకు అక్కడ అక్కరకొచ్చింది. నోకియా 6600ను కిటికీ చువ్వలకు ఆనించి పెట్టి, కంప్యూటర్‌కు గోరంత డాంగిల్ గుచ్చేవాణ్ని. పది మీటర్ల దూరానికి రెండున్నర మిల్లీవాట్ల శక్తి చాలు. జీపీఆర్‌ఎస్ వేగం మాత్రం అడగొద్దు. పది ఎంబీల ప్యాకేజీ దిగేసరికి అరగంట దాటేది, మధ్యలో ఎవరన్నా ఫోన్ చేస్తే మొదటికొచ్చేది.

కలపడం కూడా ఇప్పటిలా బటన్ పని కాదు. నల్లతెర మీద ‘హెచ్‌సీఐటూల్ స్కాన్’ అని కొడితే చుట్టుపక్కల ఫోన్ల చిరునామాలు బయటపడేవి. ‘ఎస్‌డీపీటూల్ బ్రౌజ్’ కొడితే ఫోను ఏయే పనులు చేస్తుందో, ఏది ఏ చానల్లో ఉందో చెప్పేది. అందులో డయలప్ నెట్‌వర్కింగ్ చానల్ నంబరు వెతికి, ఫోను చిరునామాతో సహా ‘ఆర్‌ఎఫ్‌కామ్’ ఫైల్లో రాయాలి. అప్పుడు డెవ్ ఫోల్డర్లో ‘ఆర్‌ఎఫ్‌కామ్0’ అని కొత్త పేరు లేస్తుంది. కంప్యూటర్ లెక్కలో అదొక పాత సీరియల్ పోర్టు. అవతల నిజంగానే మోడెమ్ ఉందనుకుని డయలర్ ప్రోగ్రాం దానికి స్టార్ 99 హాష్ కొట్టేది. ఫోను పాస్‌కోడ్ అడిగితే 0000 ఇవ్వాలి, అదే అంకె కంప్యూటర్లో ‘హెచ్‌సీఐడీ’ ఫైల్లో ముందే ఉండాలి. “సార్, కల్సింది!” అని పిల్లలు అరిస్తే పక్క క్లాసువాళ్లు తొంగిచూసేవాళ్లు.

ఈ పనిముట్లన్నీ ‘బ్లూజ్’ అనే మూటలోవి. క్వాల్‌కామ్‌లో పనిచేసే మ్యాక్స్ క్రాస్న్యాన్‌స్కీ రాసిన ఈ మూట 2001 మేలో బయటికొచ్చింది. అప్పటికే స్వీడన్ కంపెనీ యాక్సిస్‌ది ఒకటి, ఐబీఎంది ఒకటి లినక్స్‌కు ఉన్నాయి. లైనస్ టోర్వాల్డ్స్ బ్లూజ్‌ను ఎంచుకుని ఆ ఏడే 2.4.6 కెర్నెల్లోకి తీసుకున్నాడు. తర్వాత మార్సెల్ హోల్ట్‌మన్ అనే జర్మన్ దాన్ని పట్టుకుని నడిపించాడు. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ గాలిని మన సర్కారు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని నిబంధనలిచ్చింది 2005 జనవరిలో. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ మొదలైందీ ఆ ఏడే. డెబియన్ మీద తెలుగు ఆపరేటింగ్ సిస్టం చేసి, కాలేజీల్లో ‘గ్లగ్’ పేరుతో పిల్లల బృందాలు పెట్టించింది. సొంతంగా లినక్స్ ఇన్‌స్టాల్ చేసుకున్న పిల్లలు మా ల్యాబ్‌కు రావడం ఆ తర్వాతే మొదలైంది.

పాటల సంగతి పాలమూరుది. మాది కల్వకుర్తి దిక్కు, బావమరిదికి మహబూబ్‌నగర్ బస్టాండ్ దగ్గర మొబైల్ షాపు. నారాయణపేట, కోస్గి దిక్కు నుంచి కూలిపనికి బొంబాయి బస్సెక్కేవాళ్లు ఎక్కేముందు ఫోన్ల నిండా పాటలు నింపించుకునేవాళ్లు. మిగతాది బస్సులో. ఒకరి దగ్గరున్నది ఇంకొకరికి, సోలాపూర్ దాటేసరికి బస్సంతా అదే పాట. ఒకే బస్సులో అన్ని ఫోన్లు ఒకేసారి పంపుకుంటే కలగాపులగం కాదా అని అడిగేవాళ్లు. బ్లూటూత్ ఒక్కచోట నిలబడదు. 79 చానళ్ల మీద సెకనుకు 1600 సార్లు తొక్కుడుబిళ్ల ఆడినట్టు దుముకుతుంది. రెండు జతలు ఒకే గడిలో పడ్డా, మరుక్షణం చెరో గడిలో ఉంటాయి.

తెలంగాణ ఉద్యమ కాలంలో ధూంధాం పాటలు కూడా ఇట్లనే తిరిగాయి. 2009 చలికాలంలో సభల్లో ఫోన్లతో రికార్డు చేసినవి, వెనక ఈలలూ చప్పట్లతో సహా, తెల్లారేసరికి షాపుకొచ్చేవి. వాటికి క్యాసెట్ కంపెనీ లేదు, అట్ట మీద ధర లేదు.

షాపుకు లినక్స్ ఎందుకొచ్చిందంటే, వైరస్ వల్ల. బ్లూటూత్ మీద పాకే కాబిర్ అనే పురుగు 2004లోనే నోకియా ఫోన్లకు పట్టింది. అంతకన్నా పెద్ద పీడ మెమరీ కార్డుల్లో విండోస్ వైరస్‌లు. “బావా, మళ్ల కంప్యూటర్ పండుకుంది, గిరాకీ అంత పక్క షాపుకు పోతుంది” అని బావమరిది ఫోన్ చేశాడు. పోయి ఉబుంటు ఎక్కించి, బ్లూటూత్ సరిచేసి వచ్చాను. అతనికి బాగా కలిసొచ్చింది మాత్రం పాటలు కాదు, రిపేరు. ఫోనును ఫ్లాష్ చేస్తే లోపల ఉన్నదంతా పోతుంది. ముందుగా ‘ఓబెక్స్‌ఎఫ్‌టీపీ’తో గాలిలోనే బయటికి తీసిపెట్టేవాడు. పెండ్లి ఫొటోలు, పిల్లల మాటలు, ఒక మేస్త్రీ హాజరు లెక్కంతా వాయిస్ రికార్డుల్లోనే. అవి చేతికిచ్చాక బేరమాడినవాళ్లు లేరట.

ఇక నా గోడు. 2008లో బ్లూజ్ నాలుగో అవతారం వచ్చి, పాస్‌కోడ్ రాసుకున్న హెచ్‌సీఐడీ ఫైలును ఎత్తేసింది. 2012 డిసెంబరులో అయిదోది వచ్చి పాత ప్రోగ్రాములు మాట్లాడే పద్ధతినే మార్చేసింది. నేను ల్యాబ్ గోడకు అంటించిన కాగితాలు రెండుసార్లు చింపాల్సి వచ్చింది. రాసేవాళ్లు ఎక్కడో కూర్చుని బాగుచేస్తారు, ఆ పూట పని ఆగేది మన దగ్గర. అయినా ఆ మార్పు అవసరమేనని ఇప్పుడనిపిస్తుంది. కొత్తగా వచ్చిన ‘బ్లూటూత్‌సీటీఎల్’లో స్కాన్, పెయిర్, ట్రస్ట్, కనెక్ట్ అన్నీ ఒక్కచోటనే. ట్రస్ట్ కొట్టడం మరిచిపోతే మరుసటి రోజు కీబోర్డు మనల్ని గుర్తుపట్టదు, అంతే తేడా.

2016లో జియో వచ్చింది. కిటికీలో ఫోను పెట్టే పని ఆ ఏడాదితో సరి. ఫోను నుంచి వైఫై తీసుకుంటే చాలు, ఆర్‌ఎఫ్‌కామ్ ఫైలుతో పని లేదు. బస్సులో ఎవరి పాట వాళ్లు యూట్యూబ్‌లో చూసుకుంటున్నారు.

డాంగిల్ విషయం ఒకటి మిగిలింది. బజారులో దొరికే చౌక డాంగిళ్లు చాలా ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ కొడితే 0ఏ12:0001 అనే చూపిస్తాయి. అది ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ సిలికాన్ రేడియో కంపెనీ నంబరు. ఆ కంపెనీని 2015లో క్వాల్‌కామ్ కొనేసింది. చైనా నకళ్లు నంబరైతే పెట్టుకున్నాయి గానీ ఆ చిప్పుకు తెలిసిన ఆజ్ఞలన్నీ వాటికి తెలియవు, లినక్స్‌లో మొరాయించేవి. 2020లో కెర్నెల్‌లోనే ఆ నకళ్లను పసిగట్టి, వాటికి తగ్గట్టు నడిపే కోడ్ చేరింది. బావమరిది షాపు డబ్బాలో పనికిరావని పడేసినవి తెప్పించి చూశాను, మూడింట రెండొంతులు లేచాయి. ల్యాబ్‌లో కీబోర్డులకు వాటినే వాడుతున్నా. మిగతావి లినక్స్‌లోనే కాదు, విండోస్‌లో కూడా లేవలేదు.