స్ట్రక్చర్డ్ డేటా మార్కప్

స్ట్రక్చర్డ్ డేటా మార్కప్ అనగా వెబ్ పేజీలో ఉన్న పేరు, చిరునామా, తేదీ, వెల మొదలైన వివరములను యంత్రములు పొరపాటు లేకుండా గ్రహించుటకు వీలుగా నిర్ణీత పదములతో గుర్తించి చూపే పద్ధతి. ఈ గుర్తులు పేజీ మూలంలో ఉంటాయి, చదువరికి కనిపించవు. గూగుల్, బింగ్ వంటి శోధన యంత్రములు వీటి ఆధారంగా ఫలితములలో అదనపు వివరములను చూపగలవు.

అవసరం

"ఎమ్మిగనూరు" అన్న మాట చదివిన మనిషి, అది ఏ ఊరో సందర్భమును బట్టి గ్రహిస్తాడు. యంత్రానికి అది అక్షరముల వరుస మాత్రమే. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఈ పట్టణం పేరును ఎమ్మిగనూరు, యెమ్మిగనూరు అని రెండు విధాలుగా వ్రాస్తారు. ఆంగ్ల లిపిలో కొందరు వై అక్షరంతోను, కొందరు ఇ అక్షరంతోను మొదలుపెడతారు. ఇదే పేరు గల గ్రామం కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలోను ఉన్నది. సమీపంలోని ఆదోనికి ఆదవాని అన్నది పూర్వపు రూపం. ఒక ఊరికి పలు పేర్లు, పలు ఊళ్ళకు ఒకే పేరు ఉన్నచోట ఈ గుర్తుల అవసరం స్పష్టమవుతుంది.

చరిత్ర

* 2008 అక్టోబరు: ఆర్‌డీఎఫ్‌ఏ పద్ధతిని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ఆమోదించినది.
* 2009 మే: గూగుల్ "రిచ్ స్నిపెట్స్" పేరిట ఫలితములలో అదనపు వివరములను చూపసాగినది.
* 2011 జూన్: గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ కలసి స్కీమా.ఆర్గ్ అను ఉమ్మడి పదజాలమును ప్రకటించినవి. అదే సంవత్సరం రష్యాకు చెందిన యాండెక్స్ చేరినది.
* 2012 అక్టోబరు: వికీడేటా ప్రారంభమైనది.
* 2014 జనవరి: జేసన్-ఎల్‌డీ ప్రమాణంగా వెలువడినది.

విధానం

మైక్రోడేటా, ఆర్‌డీఎఫ్‌ఏ, జేసన్-ఎల్‌డీ అను మూడు రూపములు వాడుకలో ఉన్నవి. మొదటి రెండు పద్ధతులలో గుర్తులను పాఠ్యం మధ్యనే ఉంచుతారు. మూడవ దానిలో వివరములన్నీ ఒకచోట విడిగా వ్రాస్తారు. దిద్దుబాటు సులభం గనుక గూగుల్ దీనినే సిఫారసు చేస్తుంది.

మొదట వస్తువు రకమును, పిమ్మట దాని లక్షణములను తెలుపవలెను. ఆదోని పట్టణమునకు ఇవి ఈ విధంగా ఉంటాయి:

* రకం: సిటీ
* పేరు: ఆదోని
* మరొక పేరు: ఆదవాని
* ఉన్న ప్రాంతం: కర్నూలు జిల్లా, ఆంధ్ర ప్రదేశ్
* అక్షాంశం 15.63, రేఖాంశం 77.28
* "సేమ్‌యాజ్": వికీడేటాలోని ఆదోని అంశం

చివరి లక్షణం ముఖ్యమైనది. రెండు పేజీలు చెప్పుచున్నది ఒకే ఊరిని గురించేనని దీనివలన తెలుస్తుంది.

సంస్థలకు స్థాపకుడు, స్థాపన సంవత్సరం, పనివేళలు కూడా చేర్చవచ్చును. ఉదాహరణకు మాచాని సోమప్ప 1938లో స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘానికి ఈ లక్షణములు సరిపోతాయి.

పరిమితులు

గుర్తులు చేర్చినంత మాత్రాన ఫలితములలో పై స్థానం లభించదు. అదనపు వివరములు తప్పక కనిపిస్తాయన్న హామీ కూడా లేదు. శోధన సంస్థలు తమ నియమములను మార్చుచుంటాయి. గూగుల్ 2023లో ప్రశ్నోత్తరముల ప్రదర్శనను కొద్దిపాటి ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసినది. పేజీలో లేని విషయమును, కల్పిత రేటింగులను గుర్తులలో వ్రాసిన సైట్లకు ఈ ప్రదర్శన అర్హత రద్దు కావచ్చును.

గుర్తు సమాచారం యొక్క రూపమును తెలుపునే గాని సత్యమును నిర్ధారించదు. మరనేత వస్త్రమును చేనేత అని గుర్తిస్తే యంత్రం దానిని అట్లే గ్రహిస్తుంది. ఆదోని పత్తి మార్కెట్టు ధరను తేదీ లేకుండా గుర్తిస్తే పాత ధర నేటి ధరగా చలామణి కావచ్చును. దానిని నమ్మి దూర గ్రామం నుండి సరుకు తెచ్చిన రైతు బండి కిరాయి నష్టపోవును. కావున వెలతో పాటు తేదీని, కొలమానమును తెలుపుట అవసరం.

పరిపాలనా మార్పులను కూడా సరిచేయుచుండవలెను. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలోనే ఉన్నవి. నంద్యాల, ఆళ్ళగడ్డ వంటి ఊళ్ళ పేజీలలో మాత్రం జిల్లా పేరు మార్చవలసి వచ్చినది.

ఇవి కూడా చూడండి

* వికీడేటా
* శోధన యంత్రం
* ఆదోని
* ఎమ్మిగనూరు