చెట్టు లేని సీమలో దూలాలు

ఆదోని, ఎమ్మిగనూరుల్లో పాత మిద్దెల కింద కాపురం చేస్తున్న అక్కచెల్లెళ్లు ఒక్కసారి తలెత్తి చూడండి. నడుమ దూలం, దానిమీద వరసగా దంతెలు, వాటిపైన కట్టెలో బండలో, ఆపైన చవుడు. ఆ బరువంతా మోసేది నాలుగు కంబాలు. మన చుట్టూ చూస్తే నల్లరేగడి చేలు, బోడి గుట్టలు. మరి ఇంత కలప ఎక్కడిదంటారు?

ఊళ్లో దొరికేది వేప, తుమ్మ. చిన్న ఇళ్లు వాటితోనే లేచాయి. పొడుగు దూలం కావాలంటే మాత్రం తూర్పున నల్లమలే దిక్కు. ఇప్పుడది నంద్యాల జిల్లా. టేకు, నల్లమద్ది, వేగిస అక్కడి చెట్లు. (చక్కెర జబ్బుకు మంచిదని కొందరు నీళ్లు పోసుకు తాగే చెక్క గ్లాసులున్నాయి చూడండి, అవి వేగిసవే.) అడవి నూరు కిలోమీటర్లకు పైమాటే, తోలాల్సింది ఎద్దుల బండి మీద. అందుకని గది ఎంత వెడల్పుండాలో మేస్త్రీ కాదు, దొరికిన దూలం చెప్పేది. విశాలమైన పడసాల ఉందంటే ఆ ఇల్లు కలిగినవాళ్లదని వేరే చెప్పాలా!

ఆ కలపే ఆపదలో ఆఖరి ఆస్తి అయింది. 1876-78 నాటి కరువును పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలోది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే కర్నూలులో కలిసింది. 1871కీ 1881కీ మధ్య బళ్లారి జిల్లా జనాభా సుమారు ఐదోవంతు తగ్గిపోయింది. ఇంటి తలుపులు, వాసాలు ఊడదీసి అమ్ముకున్నవాళ్లున్నారని ఆనాటి రాతలు చెబుతాయి. మెడలోవి పోయి, గొడ్లు పోయి, చివరికి నెత్తిమీద నీడ. దూలం లాగేస్తే మిద్దె ఏముంటుందమ్మా, మట్టిదిబ్బ!

తరువాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవికి హద్దురాళ్లు పడ్డాయి, కలపకు అనుమతి చీటీలు వచ్చాయి. అడవికి కాపు కావలసిందే, కాదనను. కానీ ఆ చీటీ పేదవాడి గుడిసెకు దొరకడం కష్టం, రైలు పట్టాల కింది దిమ్మెలకు సులువు.

ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇళ్లలో కలప నెత్తినే కాదు, నేలలోనూ ఉండేది. గుంటమగ్గం గుంజలు, నాడె, బట్ట చుట్టే కర్ర, అన్నీ చెక్కపనే. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టేనాటికి ఇల్లూ మగ్గమూ ఒకే కప్పు కింద.

ఏటా వానలకు ముందు చవుడు మోసి పరిచే ఓపిక ఇప్పుడెవరికుంది? స్లాబు వేసుకుంటున్నారు, తప్పేముంది! అయితే పాత మిద్దె పడగొట్టేటప్పుడు బేరగాడు కట్టెల అడితీ ధర చెబుతాడు, ఒప్పుకోకండి. ముందు వడ్రంగిచేత రంగు గీకించండి. టేకైతే బంగారు గోధుమరంగు తేలి, తోలువాసన వస్తుంది. నల్లమద్దైతే ముదురు చారలు, చేయి పడిపోయే బరువు. చెద తగలని ముక్క కొత్త ఇంటి ద్వారబంధానికి సరిపోతుంది.