ప్రశ్న ఏ భాషలో అడిగారు? – మానసిక పరీక్షల చరిత్ర నేర్పే పాఠం

జ్వరం ఎంత ఉందో థర్మామీటరు చెబుతుంది. రోగి ఏ భాష మాట్లాడినా ఆ అంకె మారదు. మనసును పరీక్షించడం అలాంటిది కాదు. అక్కడ పరికరం ప్రశ్న. ప్రశ్న అర్థం కాకపోతే జవాబు తప్పుతుంది, ఆ తప్పు జబ్బుగా నమోదవుతుంది. ఈ ప్రమాదాన్ని శాస్త్రజ్ఞులు ఎలా గుర్తించారో, నర్సులు దీని నుండి ఏమి నేర్చుకోవాలో ఇప్పుడు తెలుసుకుందాం.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే వల్ల ఈ పట్టణం పెరిగింది. ఉత్తరాంధ్ర నుండి పనికోసం వెళ్ళిన ఎన్నో కుటుంబాలు తరాలుగా అక్కడే ఉంటున్నాయి. 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది.

ఆ పట్టణంలోని సుభాష్‌పల్లిలో బడి ముఖం చూడని ఒక తెలుగు మామ్మగారు ఉన్నారనుకోండి. మతిమరుపు ఎక్కువైందని ఇంట్లోవారు ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. నర్సు బెంగాలీలో “ఈరోజు తారీఖు ఎంత?” అని అడిగింది. మామ్మగారు చెప్పలేకపోయారు. ఆమెను అడిగితే “లక్ష్మివారం, ఏకాదశి” అని ఠక్కున చెప్పగలరు. మరి లోపం జ్ఞాపకశక్తిలో ఉందా, ప్రశ్నలో ఉందా?

ఈ చిక్కు కొత్తది కాదు. 1905లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ పిల్లల తెలివిని కొలిచే పరీక్షను రూపొందించారు. దానిని ఉన్నదున్నట్టుగా అనువదిస్తే మన పిల్లలకు సరిపడదు. అందుకే వి.వి. కామత్ 1934లో కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్లు దానిని సవరించారు. అదే బినే–కామత్ పరీక్ష.

1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి 30 మార్కుల చిన్న పరీక్షను ప్రకటించారు. వృద్ధుల జ్ఞాపకశక్తిని, ధ్యాసను తెలుసుకోవడానికి అది ప్రపంచమంతా వ్యాపించింది. కాని అందులో ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం రాయాలి, 100 నుండి ఏడేసి చొప్పున తీసివేస్తూ పోవాలి. అక్షరం రానివారికి మార్కులు పోవడం ఖాయం. అవి మతి తగ్గినందుకు పోయిన మార్కులు కావు, చదువు లేనందుకు పోయినవి.

హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాల్లో పనిచేసిన మేరీ గంగూలీ బృందం 1995లో దీనికి హిందీ రూపాన్ని ప్రచురించింది. వారు మాటలను మార్చి ఊరుకోలేదు. చదివి కళ్ళు మూసుకోమనడానికి బదులు, పరీక్షించేవారు చేసినట్లు చేయమన్నారు. వాక్యం రాయమనడానికి బదులు, నోటితో చెప్పమన్నారు. కొలవదలచిన శక్తి అదే, కొలిచే దారి మారింది. ఇక్కడ గమనించవలసిన విషయం ఇదే.

నర్సు పనిలో దీని స్థానం ఏమిటి? వైద్యుడు రోగితో కొద్దిసేపు మాట్లాడతాడు. వార్డులో నర్సు రాత్రింబవళ్ళు గమనిస్తుంది: నిద్ర, తిండి, మాట తీరు, శుభ్రత, భయాలు. అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లోనే రోగితో ఏర్పడే సంబంధమే నర్సింగుకు ప్రాణమని వివరించారు. ఆ సంబంధం భాషతోనే మొదలవుతుంది. “గుండె బరువుగా ఉంది”, “బెంగ పెట్టుకున్నాను” అన్న మాటల్లో దిగులు దాగి ఉండవచ్చు. ఆ మాటలు తెలియనివారు ఒంటి నొప్పి అని మాత్రమే రాసుకుంటారు.

కనుక పరీక్షకు ముందు నర్సు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. రోగి ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? ఎంత చదివారు? చూపు, వినికిడి బాగున్నాయా? ఈ మార్పు నెమ్మదిగా వచ్చిందా, ఒక్కసారిగా వచ్చిందా? ఒక్కసారిగా వస్తే ఇన్‌ఫెక్షను వంటి శరీర కారణాలను వెంటనే వెతకాలి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం కూడా మతిమరుపులా కనిపించవచ్చు, రక్తపరీక్షతో బయటపడతాయి. దుబాసీ అవసరమైతే, జవాబులు అందించే ఇంటివారికంటే బయటివారే మేలు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చికిత్స వివరాలను రోగికి అర్థమయ్యే భాషలో తెలియజేయాలి. చెప్పేటప్పుడు పాటించే ఈ నియమం అడిగేటప్పుడు కూడా అంతే అవసరం. వచ్చిన మార్కు ఒక్కటే రోగనిర్ధారణ కాదు. మార్కు వేసేముందు, మామ్మగారికి ప్రశ్న చేరిందో లేదో చూడండి.