మీట నొక్కితే వినేదెవరు

2020 ఫిబ్రవరి 8న రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ళ రక్షణ కోసం ఒక ఫోన్ యాప్ విడుదలైంది. దాని పేరు దిశ. కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట డిగ్రీ కాలేజీల పిల్లలు ఏ విశ్వవిద్యాలయం పేరు మీద చదువుతారో, ఆ విశ్వవిద్యాలయంలోనే అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి దాన్ని ప్రారంభించారు. రాష్ట్రంలో మొట్టమొదటి దిశ పోలీస్ స్టేషన్ కూడా అదే రోజు అదే ఊళ్ళో తెరుచుకుంది.

మూడు రోజులకే ఆ యాప్‌కు పరీక్ష ఎదురైంది. ఫిబ్రవరి 11, తెల్లవారుజామున నాలుగు దాటిన వేళ. విశాఖ నుంచి విజయవాడ వెళ్ళే బస్సు ఏలూరు దరిదాపుల్లో ఉంది. అందులో ప్రయాణిస్తున్న ఒక ప్రభుత్వోద్యోగిని, పక్కనున్న మనిషి వేధింపు భరించలేక ఫోన్ తీసి ఎస్ఓఎస్ మీట నొక్కారు. నిమిషాల్లో పోలీసులు వచ్చి బస్సు ఆపి అతన్ని పట్టుకున్నారు. అతను విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే మనిషని తర్వాత వార్తల్లో వచ్చింది.

ఆ వేళకి అవతల పోలీసు కంట్రోల్ రూమ్‌లో ఒకరు మేలుకుని ఉన్నారు, ఆ రోడ్డు మీద ఒక బండి సిద్ధంగా ఉంది. అందుకే ఆ మీట పనిచేసింది. ఆపదలో అక్కరకొచ్చే పరికరాల కథలన్నీ వరసగా చదువుకుంటూ వస్తే నాకు ప్రతిచోటా కనిపించింది ఇదే. పరికరం పుట్టిన రోజు కంటే, అవతల వినే ఏర్పాటు కుదిరిన రోజే ముఖ్యమైనది.

లండన్‌లో 1935 నవంబరు 10న వింపోల్ వీధిలో ఒక ఇల్లు అంటుకుంది. ఎదురింటాయన అగ్నిమాపక దళం కోసం ఫోన్ ఎత్తాడు. ఎక్స్ఛేంజిలో ఎవరూ పలకలేదు. మామూలు కాల్స్ మధ్య ఆయన కాల్ కూడా వంతు కోసం నిలబడిపోయింది. ఆ మంటల్లో ఐదుగురు స్త్రీలు చనిపోయారు. ఆయన ఆవేదనతో టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు. దాని మీద ప్రభుత్వం విచారణ వేసింది, 1937 జూన్ 30న లండన్‌లో 999 నంబరు మొదలైంది. ప్రపంచంలో మొదటి అత్యవసర నంబరు అదే. టెలిఫోన్ అప్పటికే అరవై ఏళ్ళ నాటి వస్తువు. కొత్తగా వచ్చినదల్లా ఎక్స్ఛేంజిలోనే: ఆ నంబరు తిప్పగానే అక్కడ ఎర్రదీపం వెలిగి బజర్ మోగేది, ఆపరేటర్ మిగతా కాల్స్ వదిలి దాన్నే అందుకోవాలి. అంటే కేక వేసేవాళ్ళ చేతికి కొత్తగా ఏమీ ఇవ్వలేదు, వినేవాళ్ళ పద్ధతి మార్చారు.

కాలేజీల సంగతికి వస్తే, అమెరికాలో ఈ మార్పు ఒక తల్లీతండ్రీ పట్టుదల వల్ల వచ్చింది. 1986 ఏప్రిల్ 5న పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయం హాస్టల్లో జీన్ క్లెరీ అనే పంతొమ్మిదేళ్ళ అమ్మాయి తన గదిలోనే హత్యకు గురైంది. వాటంతటవే తాళం పడే తలుపులను ఎవరో అడ్డంపెట్టి తెరిచి ఉంచారు. అంతకు ముందు మూడేళ్ళలో ఆ ప్రాంగణంలో ముప్పైకి పైగా హింసాత్మక నేరాలు జరిగాయని ఆ తల్లిదండ్రులకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే కూతుర్ని అక్కడ చేర్చేవాళ్ళమే కాదని వాళ్ళ బాధ. 1990లో వచ్చిన క్లెరీ చట్టం వాళ్ళ పోరాట ఫలితం: ప్రాంగణంలో జరిగే నేరాల లెక్క కాలేజీ ఏటా బయట పెట్టాలి, ప్రమాదం పొంచి ఉంటే విద్యార్థులను సకాలంలో హెచ్చరించాలి.

ఆ సకాలం అంటే ఎంతసేపు అన్నది 2007 ఏప్రిల్ 16న తేలింది. వర్జీనియా టెక్‌లో ఉదయం ఏడుంబావు ప్రాంతంలో ఒక హాస్టల్లో ఇద్దర్ని కాల్చేశారు. విద్యార్థులకు మొదటి ఈమెయిల్ వెళ్ళేసరికి తొమ్మిదిన్నర కావస్తోంది. ఆ తర్వాత కాసేపటికే అదే హంతకుడు మరో భవనంలో కాల్పులు సాగించాడు. మొత్తం 32 మంది పోయారు. వాళ్ళలో తమిళనాడు నుంచి వెళ్ళిన ఆచార్యుడు జి.వి. లోగనాథన్ ఒకరు. ఆ మరుసటి ఏడు చట్టాన్ని సవరించి, ఆపద ఖాయమని తేలిన వెంటనే హెచ్చరిక పంపాలన్నారు. ఇవాళ అమెరికాలో చదివే మన పిల్లల ఫోన్లకు కాలేజీ నుంచి వచ్చే సందేశాల వెనక ఆ రెండు గంటల ఆలస్యం ఉంది. కోనసీమలో ఎన్నో ఇళ్ళవాళ్ళకి ఆ సందేశాలు తెలుసు. అర్ధరాత్రి వీడియో కాల్‌లో పిల్లలు చెబుతుంటే గుండె చిక్కబట్టుకుని వినేవాళ్ళే కదా.

చేతిలో పట్టుకునే సాధనాల్లో పెప్పర్ స్ప్రేకి అన్న లాంటిది మేస్. 1960ల మధ్యలో పిట్స్‌బర్గ్‌లో అలన్ లిట్‌మన్ అనే ఆయన దాన్ని తయారుచేశాడు. ఆయన భార్య డోరిస్ బడిలో టీచరు. ఆమె తోటి టీచరును ఎవరో వీధిలో కొట్టి దోచుకున్నారని విని, ఆడవాళ్ళ చేతిసంచిలో పట్టే టియర్ గ్యాస్ డబ్బా కోసం పూనుకున్నాడు. మిరప ఘాటుతో చేసే స్ప్రే తర్వాత వచ్చింది. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు వేళ లోక్‌సభలో దాన్ని చల్లిన రోజున తెలుగువాళ్ళలో చాలామంది దాని పేరు మొదటిసారి విన్నారు. సంచిలో కారం పొట్లం పెట్టి పంపే తల్లులు అంతకు ముందే ఉన్నారు.

మన దేశంలో మలుపు 2012 డిసెంబరు 16. ఢిల్లీ బస్సులో దారుణానికి గురైన నిర్భయ కూడా విద్యార్థినే, ఫిజియోథెరపీ చదివేది. 2013 బడ్జెట్లో 1000 కోట్లతో నిర్భయ నిధి పెట్టారు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసుల షీ టీమ్స్ మొదలయ్యాయి. అవి పిలుపు కోసం ఎదురుచూడకుండా మఫ్టీలో బస్టాపుల దగ్గర, కాలేజీల దగ్గర నిలబడ్డాయి. నా లెక్కలో ఏ యాప్ కంటే అదే తెలివైన ఆలోచన. 2016లో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది: 2017 నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లో ఆపద మీట ఉండాలి. మీటలున్న చిన్న ఫోన్‌లో 5 గానీ 9 గానీ గట్టిగా నొక్కిపట్టాలి, స్మార్ట్‌ఫోన్‌లో పవర్ మీటను గబగబా మూడుసార్లు నొక్కాలి. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపకం అన్నిటినీ కలిపిన 112 నంబరు 2019 ఫిబ్రవరిలో మన రెండు రాష్ట్రాలకూ వచ్చింది.

అదే ఏడు నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేటు దగ్గర అత్యాచారానికి, హత్యకు గురై, తర్వాత దిశ అన్న పేరుతో అందరికీ తెలిసిన యువ పశువైద్యురాలు అంతకు ముందు చేసింది చెల్లెలికి ఫోన్. భయంగా ఉందని చెప్పింది. 100కి చేసి ఉండాల్సిందని తర్వాత కొందరు పెద్దలు అన్నారు. నాకు ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు. భయపడ్డ పిల్ల తన మాట వింటుందని నమ్మకం ఉన్న మనిషికే ఫోన్ చేస్తుంది. ఇక ఆ రాత్రి స్టేషన్‌కు పరిగెత్తిన ఇంటివాళ్ళకు ఎదురైనదేమిటి? ఇది మా పరిధి కాదు, ఫలానా స్టేషన్‌కు వెళ్ళండి అన్న జవాబు. ఆ ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. వారం తిరగ్గానే ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి కృష్ణా జిల్లా కంచికచర్లలో జీరో ఎఫ్ఐఆర్ నమోదైంది. పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకునే పద్ధతి అది. డిసెంబరు 13న శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. ఆ బిల్లుకు రాష్ట్రపతి సంతకం పడనే లేదు. యాప్ మాత్రం జనంలోకి వచ్చింది.

యాప్ పనితీరు ఇలా ఉండేది. ఎస్ఓఎస్ నొక్కినా, ఫోన్‌ను గట్టిగా ఊపినా, మనిషి ఉన్న చోటు, నంబరు, పది సెకన్ల వీడియో, మాటలు కంట్రోల్ రూమ్‌కు వెళ్ళేవి. అక్కడివాళ్ళు తిరిగి ఫోన్ చేసి, పలకకపోతే దగ్గర్లోని పోలీసు బండిని పంపేవారు. ఊపితే చాలన్న ఏర్పాటు నాకు నచ్చింది. చెయ్యి పట్టుకుని లాగుతున్నప్పుడు తెర తెరిచి బొమ్మ వెతికే వీలెక్కడిది?

కోనసీమ కాలేజీ పిల్లలకు ఈ జేబులోని మీట ఎందుకు అంత అవసరమో మ్యాపు చూస్తే తెలుస్తుంది. అమెరికా ఏర్పాట్లన్నీ ప్రాంగణంలోనే ఉండి చదువుకునే పిల్లల కోసం పుట్టాయి. మన పిల్లల్లో ఎక్కువమంది పొద్దున ఇంట్లో చద్దన్నమో ఉప్మానో తిని బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళు. అమలాపురానికి రైలు లేదు. లంక ఊళ్ళ నుంచి పడవ, రేవు నుంచి షేర్ ఆటో, సెంటరు నుంచి పల్లెవెలుగు బస్సు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి దగ్గరి దారిలో వెళ్ళాలంటే గోదావరి దాటించే పంటు ఎక్కాలి. ఓడలరేవు ఇంజనీరింగ్ కాలేజీ సముద్రానికి దగ్గర్లో ఉంది. చలికాలంలో ప్రాక్టికల్స్ అయ్యేసరికి కాలువ గట్టు మీద చీకటి పడిపోతుంది, రెండు పక్కలా కొబ్బరితోటలు. కాలేజీ గేటు లోపల సీసీ కెమెరాలు ఎన్ని పెట్టినా ఆ దారి వాటికి కనబడదు.

ఆ దారిలో ప్రమాదం ఎప్పుడూ మనిషి రూపంలోనే రాదు కూడా. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడి వదిలాక ఇళ్ళకు వెళ్తున్న పిల్లలున్న నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి గౌతమిలో బోల్తా పడింది. బడిపిల్లలు గల్లంతయ్యారు. ఆ పిల్లల దగ్గర ఉండాల్సింది ఫోన్ కాదు, లైఫ్ జాకెట్. రక్షణ సాధనాల జాబితా ఎవరు రాసినా గోదావరి జిల్లాల్లో దాన్ని మొదట రాయాలి.

2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు చెలరేగాయి, ఇళ్ళు తగలబడ్డాయి. ఆ తర్వాత రెండు వారాల దాకా కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం పొరుగూళ్ళకు వెళ్ళడం గురించి పత్రికలు రాశాయి. ఆడపిల్లల ఆపద మీట గురించి అంత చర్చ జరగలేదు. వీడియో, చోటు వివరం పంపడానికి డేటా కావాలి. ఊరు అట్టుడికే రోజునే ఆ డేటా ఆగిపోయింది. అలాంటప్పుడు మిగిలేది మాట్లాడే కాల్. ప్రతి ఫోన్‌లోనూ ఉండాలన్న ఆ ఆపద మీట ఏర్పాటు, 112 నంబరు ఎందుకు తెలిసి ఉండాలో దీన్ని బట్టి చెప్పొచ్చు. యాప్ డౌన్‌లోడ్ల కోసం ఊరూరా జరిగినంత ప్రచారం వీటికి జరగలేదు.

ఏ మీటకూ అందని సందర్భాలూ ఉన్నాయి. 2021 ఆగస్టు 15న గుంటూరులో ఒక బీటెక్ విద్యార్థినిని పట్టపగలు రోడ్డు మీద పొడిచి చంపారు. చుట్టూ మనుషులున్నారు. నిందితుడికి 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఉరిశిక్ష వేసింది. ఫోన్ తీసేంత వ్యవధి లేని అలాంటి చోట ఆ అమ్మాయికి పనికొచ్చేది అంతకు ముందు వారాల్లో ఎవరో వినడమే. వెంటపడుతున్నాడని పిల్ల చెప్పినప్పుడు ఇంట్లో గానీ కాలేజీలో గానీ తిట్టకుండా, చదువు మాన్పిస్తామని బెదిరించకుండా వినేవాళ్ళుండాలి. చదువు ఆగిపోతుందన్న భయంతో నోరు మూసుకునే ఆడపిల్లలు మన ఊళ్ళలో ఎంతమందో ప్రతి లెక్చరర్‌కూ తెలుసు.

ప్రభుత్వం మారాక 2025 మార్చి 8న మార్కాపురంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శక్తి యాప్‌ను ప్రారంభించారు. పేరు మారింది, పని అదే. పార్టీలు పేర్ల మీద పోట్లాడుకోనీ, కంట్రోల్ రూమ్‌లో కుర్చీలు ఖాళీగా ఉండకపోతే చాలు. క్లెరీ చట్టం లాంటిది మాత్రం మనకింకా లేదు. ఆపద గురించి విద్యార్థులను సకాలంలో హెచ్చరించాలని, జరిగిన నేరాల లెక్క ఏటా బయట పెట్టాలని ఏ కాలేజీనీ చట్టం నిలదీయదు. ఆ చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. జూన్‌లోనో జూలైలోనో తరగతులు మొదలైన వారంలో పోలీసులకు ముందే చెప్పి, ఒక సాయంత్రం కాలేజీ నుంచి కాకుండా రాజోలు బస్టాండ్ నుంచో, సఖినేటిపల్లి రేవు నుంచో, కొత్తపేట కాలువ గట్టు మీద నుంచో ఒక అమ్మాయి చేత ఆ మీట నొక్కించాలి. బండి ఎన్ని నిమిషాలకు వచ్చిందో చూసి కాలేజీ నోటీసు బోర్డు మీద రాసి పెట్టాలి. వచ్చే ఏడు మళ్ళీ నొక్కించి, కొత్త లెక్కను పాత లెక్క పక్కనే రాయాలి.